పెనం ముందు పట్టిన కునుకు

ఆ రోజు పొద్దున మా అంగడిలో ఒక గృహప్రవేశానికి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తున్నాను. పెనం మీద ఓళిగ వేసి, ఒక పక్క కాలాక తిప్పాను. అంతవరకే గుర్తుంది. తర్వాత మాడిన వాసన, మా కోడలు సుజాత అరుపు, కుడిచేతిలో మంట. పీట మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయి ముందుకు వాలిపోయాను. ముంజేయి పెనం అంచుకు ఆనింది.

"అత్తా! ఓ అత్తా! ఏమాయె నీకు?" అంటూ సుజాత నా భుజాలు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏం లే పాపా, కండ్లు తిరిగినట్లాయె," అన్నాను.

"కండ్లు తిరిగేదేంది? గురక పెడతాంటివి!"

గల్లా దగ్గరి నుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. చేతికి టూత్‌పేస్టు పూయబోతే సుజాత అడ్డుపడింది. చెంబుతో చల్లటి నీళ్లు పోస్తూనే ఉంది. మిగతా ఓళిగలన్నీ తనే చేసింది. నేను ఓ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. చేయి మండుతోంది. అయినా మళ్లీ కునికాను. కాలిన చేయి కూడా నన్ను మెలకువగా ఉంచలేకపోయిందన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మాది బత్తలపల్లె. బస్సులు ఆగే చోటికి దగ్గర్లో మాకు చిన్న ఓళిగల అంగడి ఉంది. వానలు లేక చెనక్కాయ పంట ఏటికేడు పోయి, చివరికి బోరు కూడా ఎండిపోయాక ఆ అంగడి పెట్టాం. పెట్టాం అంటున్నాను గానీ, పని నాది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. శనగబేడలు ఎంత ఉడకాలో, బెల్లం ఏ పాకంలో కలపాలో, పిండి ఎంతసేపు నూనెలో నానాలో నా చేతికే తెలుసు. అనంతపురం, ధర్మవరం పోయేవాళ్లు బస్సు దిగి మరీ కొనుక్కుపోయేవాళ్లు. చేలో కూలికి పోయినన్నాళ్లూ నన్ను ఫలానావాళ్ల భార్య అనేవాళ్లు. అంగడి పెట్టాక ఓళిగల రత్నమ్మ అన్నారు. ఆ పెనం ముందు కూర్చుంటేనే నాకు ధైర్యం.

కరువు రోజుల్లో మా ఇళ్లలో అందరికీ ఎముకలు కనిపించేవి. అందుకని అంగడి పెట్టాక నాకు ఒళ్లు వస్తుంటే చూసినవాళ్లంతా సంతోషపడ్డారు. "రత్నమ్మ ఇప్పుడు బాగుండాది" అనేవాళ్లు. నేనూ అదే అనుకున్నాను. రవికలు ఎన్నిసార్లు వదులు చేయించినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, అది కడుపు నిండిన లక్షణమే అనుకున్నాను.

గురక సంగతీ అంతే. మా ఇంట్లో అదొక నవ్వులాట. "నీ పక్కన పండుకుంటే రైలు పట్టాల మీద పండుకున్నట్లుండాది మే," అని మా ఆయన చాప, దిండు తీసుకుని మిద్దె మీదికి పోయాడు. వానొస్తే వరండాలోకి దిగేవాడు గానీ నా గదిలోకి వచ్చేవాడు కాదు. రోజంతా పొయ్యి ముందు కష్టపడే మనిషి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోందిలే అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అంత నిద్రపోయినా పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకునేది. రాత్రుళ్లు ఊరికూరికే ఒంటికి లేచేదాన్ని. పగలు బస్సెక్కితే దిగాల్సిన చోటు దాటిపోయేది. వయసు మీద పడింది కాబోలనుకున్నాను.

చేతికి కట్టు కట్టించుకోవడానికి ఊళ్లో డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన బీపీ చూసి, నమ్మకం కలగక మళ్లీ చూశాడు. "ఇంత బీపీ పెట్టుకొని ఎట్లా తిరుగుతున్నావమ్మా? అనంతపురం పోయి టెస్టులు చేయించుకో," అని రాసిచ్చాడు.

అనంతపురంలో రక్తం తీశారు. పొట్ట మీద చల్లటి జెల్ పూసి అల్ట్రాసౌండ్ చేశారు. బయట చాలామంది కాచుకొని ఉన్నారు కాబట్టి అక్కడి డాక్టరు రిపోర్టులు చూసి గబగబా చెప్పాడు. "ఫ్యాటీ లివర్. గ్రేడ్ టూ. ఎస్‌జీపీటీ పెరిగింది. షుగర్ బార్డర్‌లో ఉంది. బరువు తగ్గాలి." తర్వాత తలెత్తి, "మందు అలవాటుందా?" అని అడిగాడు.

"మానేసి చానా ఏండ్లాయె సార్," అన్నాడు మా ఆయన.

"నువ్వు కాదయ్యా, ఆమెకి."

నాకు తల కొట్టేసినట్టయింది. లివర్ జబ్బు ఉన్నవాళ్లందరినీ ఆ మాట అడుగుతారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం బస్సులో ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. లివర్ చెడేది తాగేవాళ్లకే అని మేం విన్నది. సారా వాసన కూడా పడని నాకు అదెట్లా వచ్చింది?

బీపీ మాత్ర మొదలుపెట్టాను. మా ఆయన నన్ను పెనం ముందు నుంచి లేపేశాడు. "చెయ్యి కాలింది సరే. మొగం కాలింటే? ఇంగ నువ్వు పొయ్యి తావుకు పోవద్దు. గల్లా చూసుకో," అన్నాడు. సుజాత పెనం ముందు కూర్చుంది. నేను గల్లా ముందు కూర్చున్నాను.

గల్లా ముందు నాకో కొత్త కష్టం వచ్చింది. ఆర్డరు ఇచ్చేవాళ్ల పేరు, ఊరు రాసుకోవాలి. నాకు చదువు రాదు. వేలిముద్ర మనిషిని. సుజాత ఇంటర్ దాకా చదివింది. "నేను నేర్పిస్తా అత్తా, నువ్వేం సిగ్గుపడాకు," అని సాయంత్రాలు పలక పట్టుకుని పక్కన కూర్చునేది. నేను అక్షరం దిద్దుతూ దిద్దుతూనే పలక మీద తల వాల్చేదాన్ని. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండేది కాదు. యాభై దాటాక ఇక తలకెక్కదులే అని పలక పక్కన పెట్టేశాను.

ఆ సమయంలోనే మా పెద్ద వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. పేరు ఓబుళమ్మ. శింగనమల దగ్గర ఉంటుంది. నాకు లివర్‌లో ఏదో ఉందని ఎట్లా తెలిసిందో, సంచి సర్దుకొని వచ్చేసింది. నా కళ్ల రెప్పలు కిందికి లాగి చూసింది.

"లివరంటే ఏందనుకుంటివి మే? కామెర్లు! కండ్లు పచ్చగా కాకముందే తెలిసింది, మంచిదాయె. మా ఊర్లో ఎంతమందికి పసరు పోపిచ్చినానో నాకే గుర్తులే. అందరూ రాయి మాదిరి తిరుగుతాండారు."

"డాక్టరు కామెర్లు అనలేదు పెద్దమ్మా," అంది సుజాత.

"డాక్టరుకేం తెలుసు? ఆయప్ప రాసిచ్చింది బీపీ మాత్ర. లివర్‌కు ఏమిచ్చినాడు? ఏమీ ఇయ్యలేదు గదా! మందు లేదు కాబట్టే ఇయ్యలేదు."

ఆ మాట మాకు నిజమనిపించింది. డాక్టరు లివర్‌కు మాత్ర రాయలేదు. బరువు తగ్గమన్నాడంతే. బరువు తగ్గడమే దానికి మందు అని మాకు అర్థం కాలేదు.

మా పల్లెల్లో కామెర్లకు ఒక పద్ధతి ఉంది. పసరు మింగాలి. ఉప్పు, కారం, నూనె మానేయాలి. మెత్తటి చప్పిడి అన్నం, మజ్జిగ. ఒంట్లో వేడి దిగాలని పొద్దునా సాయంత్రం చెరుకు రసం, దప్పికైతే గ్లూకోజు నీళ్లు. మా అంగడి పక్కనే చెరుకు రసం బండి. వదిన లోటా నిండా పట్టుకొచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. ఆమెకు నా మీద ఉన్న ప్రేమలో అబద్ధం లేదు. ఉప్పు లేని అన్నం మింగలేక ఏడుస్తుంటే తనూ అదే అన్నం పక్కన కూర్చొని తినింది. నేను ఎంతో నిష్ఠగా ఆ పథ్యం చేశాను. త్వరగా నయమైతే పెనం ముందుకు పోవచ్చునన్నదే నా ఆశ.

రెండు నెలలు గడిచేసరికి నేను ఇంకా లావయ్యాను. కడుపు కుడిపక్క బరువుగా ఉండేది. కునుకు మరీ ఎక్కువైంది. గల్లా ముందు కూర్చుని, చిల్లర ఇవ్వడానికి చాపిన చేయి చాపినట్టే నిద్రపోయాను. ఎదుటి మనిషి భయపడి సుజాతను పిలిచాడు. సుజాత ఆ రోజు ఎవరినీ అడగలేదు. "రేపు అనంతపురం పోతాండాం. వేరే డాక్టరుకు చూపిస్తాం," అంది. నలుగురం పోయాం. వదిన కూడా వచ్చింది.

ఆ డాక్టరు ఆడమనిషి. నెమ్మదిగా మాట్లాడింది. మళ్లీ రక్తం తీయించింది. లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ ముందుకన్నా పెరిగింది.

"ఈ రెండు నెలలూ ఏం తిన్నావమ్మా?"

"నూనె ముట్టలేదు, ఉప్పు ముట్టలేదు. పసరు మింగినా. చప్పిడి అన్నం, చెరుకు రసం, గ్లూకోజు నీళ్లు, అంతే," అని గొప్పగా చెప్పాను.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "రోజూనా?"

"రెండు పూటలా. లోటా నిండా," అంది వదిన.

ఆమె కోప్పడలేదు. కాగితం మీద లివర్ బొమ్మ గీసి చూపించింది. "కామెర్లు వేరు, ఇది వేరు. ఇది లివర్‌లో కొవ్వు పేరుకోవడం. తాగనివాళ్లకూ వస్తుంది. ఒళ్లు పెరిగినవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఎక్కువైన తీపిని లివర్ కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. నువ్వు తాగిన రసం చాలావరకు అక్కడికే పోయింది. ఇంక పసరు అంటావా, ఆ ఆకుల్లో ఏముందో నాకు తెలీదు, ఇచ్చినవాళ్లకూ తెలీదు. దాన్ని మోయాల్సింది మాత్రం నీ లివరే."

వదిన ఊరుకుంటుందా? "అట్లయితే మా ఊర్లో అంతమందికి ఎట్ల నయమాయె డాక్టరమ్మా?"

"కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయమ్మా. నీ పసరు పేరు కొట్టేసింది."

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. వదిన తమ్ముడివైపు ఉరిమి చూసింది. నేను నవ్వలేదు. అప్పటికే నిద్రపోయాను, ఇదంతా తర్వాత సుజాత చెప్పింది. "రత్నమ్మా!" అని డాక్టరమ్మ గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి లేచాను. ఆమె నన్నే చూస్తోంది. నా మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. నోరు తెరవమని గొంతులో లైటు వేసి చూసింది.

"రాత్రి బాగా నిద్రపోతుందా ఈమె?"

"నిద్రకేం తక్కువ లే. పండుకుంటే వీధంతా వినపడతాది," అంది వదిన.

"ఆ గురక మధ్యలో ఆగుతుందా?"

మా ఆయన మిద్దె మీద పడుకుంటాడు. కొడుకు లారీ మీద పోతే నెలకోసారి ఇంటికొస్తాడు. సుజాత పిల్లలతో అవతలి గదిలో తలుపేసుకుంటుంది. నా గురక వీధంతా విన్నది గానీ, అది ఆగుతుందో లేదో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

"ఒక రాత్రి పక్కన కూర్చొని ఫోన్లో రికార్డు చేసి తీసుకురండి," అంది డాక్టరమ్మ.

ఆ పని సుజాత చేసింది. మళ్లీ పోయినప్పుడు ఫోను డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వినిపించింది. నా గురక నేను వినడం అదే మొదలు. సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గురక పెరిగి పెరిగి టక్కున ఆగిపోయింది. ఫోను ఆగిందేమో అనుకున్నాను. డాక్టరమ్మ వేలు ఎత్తి ఆగమంది. గదిలో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు. అంతలో నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు పెద్ద ఎగశ్వాస. మళ్లీ గురక. మళ్లీ ఆగింది. మా ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇన్నిసార్లా?" అన్నాడు మెల్లగా.

"రాత్రంతా," అంది డాక్టరమ్మ. "నిద్రలో గొంతు వదులవుతుంది. మెడలో కొవ్వు ఉంటే ఆ బరువుకు గాలి పోయే దారి మూసుకుపోతుంది. మెదడు భయపడి లేపుతుంది. లేచింది ఈమెకు తెలియదు. ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది. బీపీ అందుకే తగ్గట్లేదు. లివర్ మీదా ఆ దెబ్బ పడుతుంది." నా వైపు తిరిగి, "నువ్వు రాత్రంతా పడుకుంటున్నావు రత్నమ్మా, నిద్రపోవడం లేదు," అంది.

ఇంతమంది ఇన్నేళ్లలో నా గురించి చెప్పిన మాటల్లో అంత సరైన మాట నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను సోమరిని కాదు. నా బుర్ర చెడిపోలేదు. నాకు నిద్ర లేదు, అంతే.

స్లీప్ స్టడీ చేశారు. తలకు, ఛాతీకి, వేలికి వైర్లు తగిలించి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. రిపోర్టులో "సివియర్ స్లీప్ ఆప్నియా" అని వచ్చింది, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బాగా ముదిరిందని. లివర్‌కు ఫైబ్రోస్కాన్ కూడా చేశారు. లివర్ గట్టిపడడం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది, వెనక్కి తిప్పవచ్చు అన్నారు. రాత్రి మొహానికి మాస్కు పెట్టుకుని పడుకుంటే, గొంతు మూసుకుపోకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ వాడమన్నారు.

"నేను మళ్లీ పెనం ముందు కూర్చోవచ్చునా?" అని అడిగాను. అన్నిటికన్నా ముందు అదే అడిగాను.

"ఇప్పుడు వద్దు. మిషన్ వాడి, పగటి కునుకు పూర్తిగా పోయాక నేను చెప్తాను. అప్పటిదాకా నిప్పు దగ్గరికి పోవద్దు. డ్రైవర్లకూ ఇదే మాట చెప్తాను, బండి ముట్టుకోవద్దని."

మిషన్ ఇంటికొచ్చింది. మొదటి రాత్రే మాస్కు పెట్టుకుంటే ఎవరో మొహం మీద చేయి అదిమినట్టుంది. గాలి కళ్లలోకి కొట్టింది. ముక్కు ఎండింది. పీకేశాను. మర్నాడు మళ్లీ పెట్టుకున్నాను. అంతలో ఊళ్లో మాట పాకిపోయింది. రత్నమ్మకు ఆక్సిజన్ పెట్టినారంట! ఒకరి తర్వాత ఒకరు బ్రెడ్డు, ఆపిల్ పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. నాకు పిన్ని వరసయ్యే ఒక ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని, "నీ అట్లాంటి మనిషికి ఇట్లాంటి గతి పట్టింది గదమ్మా," అని ఏడ్చింది. నేను ఎదురుగా బాగానే కూర్చొని ఉన్నాను. ఆమె ఏడుపు చూస్తే నాకే అనుమానం వచ్చింది. ఓళిగలకు వచ్చినవాళ్లు కూడా, "ఆక్సిజన్ మీద ఉండే ఆమె చేతివేనా?" అని అడుగుతున్నారని సుజాత నోరు జారింది. ఆ రోజే మిషన్‌ను మంచం కిందికి తోసేశాను.

కొన్నాళ్లు ఎవరూ గమనించలేదు. కునుకు మళ్లీ మొదలైనప్పుడు మా ఆయన మంచం కింద చూశాడు. మిషన్ మీద దుమ్ము. తిడతాడనుకున్నాను. ఏమీ అనకుండా మిద్దె మీదికి పోయి తన చాప, దిండు తెచ్చి నా మంచం పక్కన పరిచాడు.

"ఏమయ్యా, ఈడ పండుకుంటావా? నీకు నిద్ర పట్టదు," అన్నాను.

"పట్టకపోతే పట్టకపోయె. ఆ ఫోన్లో ఇన్నప్పటి నుంచి మిద్దె మీద మాత్రం పడతాండాదా? నీ గురక ఇనపడినంతసేపూ పర్వాలేదనుకుంటా. ఇనపడకపోతే లేచి కూచుంటాండా. నువ్వు దాన్ని పెట్టుకో మే. ఊరోళ్లు ఏమన్నా అననీ."

ఆసుపత్రికి పోతే మాస్కు మార్చారు. ముక్కుకు మాత్రమే వచ్చే చిన్నది ఇచ్చారు. గాలికి తేమ కలిపే డబ్బా తగిలించారు. "పగలు మెలకువగా ఉన్నప్పుడు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకో, అలవాటవుతుంది," అని నేర్పించారు. నేను ఇంకో పని కూడా చేశాను. మధ్యాహ్నం పూట చూడ్డానికి వచ్చినవాళ్లకు మిషన్ నేనే తీసి చూపించాను. "ఆక్సిజన్ కాదమ్మా, ఉత్త గాలి. చెయ్యి పెట్టి చూడు," అనేదాన్ని. ఆ ముసలామె చెయ్యి పెట్టి చూసి, "ఓసి, ఫ్యాను గదా!" అంది. ఆమే ఊరంతా చెప్పింది. ఆ తర్వాత బ్రెడ్లు రావడం ఆగిపోయింది.

క్రమం తప్పకుండా పెట్టుకున్న కొన్ని వారాలకు ఒక పొద్దున లేచాను. తల నొప్పి లేదు. నోరు ఎండలేదు. కిటికీలోంచి వెలుగు పడుతుంటే, ఇంట్లో ఎవరో కొత్తగా సున్నం కొట్టినట్టు అన్నీ తేటగా కనిపించాయి. అంత తేలిక నేను పెళ్లికాకముందు ఎప్పుడో ఎరుగుదును. ఆ సాయంత్రం పలక అడిగి తీసుకున్నాను. అక్షరాలు నిలిచాయి. మర్నాడు కూడా నిలిచాయి. ఈ అనుభవం నేను నా చేత్తో రాస్తున్నాను. తప్పులు సుజాత దిద్దింది.

తిండి సంగతి మిగిలింది. డాక్టరమ్మ ఏం తింటావని అడిగితే పొద్దున సంగటి, మధ్యాహ్నం అన్నం, రాత్రి కొంచెమే అని చెప్పాను.

"చినిగిన ఓళిగలు చెప్పు అత్తా," అంది సుజాత.

"అవి తినేదాంట్లో వస్తాయా?" అని నిజంగానే అడిగాను.

మా పనిలో అది వాడుక. పెనం మీద చినిగిన ఓళిగ అమ్మకానికి పనికిరాదు. చేసే మనిషి తినేస్తుంది. పూర్ణం రుచి చూడాలి, బెల్లం చాలిందో లేదో నాలుకకే తెలుస్తుంది. అమ్మింది ఓళిగ. అమ్మనిది మాకు తిండి కింద లెక్కే కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా పళ్లెంలోకి రాకుండా నా కడుపులోకి పోయిందంతా అదే. సుజాత ఇప్పుడు చినిగినవన్నీ ముక్కలు కోసి పొట్లం కట్టి గల్లా మీద పెడుతుంది. బస్సు కండక్టర్లు ముందు అవే అడుగుతారు. పూర్ణం రుచి చూసేది ఇప్పుడు మా ఆయన. ఆయన ఎండుకట్టె లాంటి మనిషి, షుగర్ కూడా లేదు. అయినా వేలి కొసకు అంటినంతే చూడమన్నాం.

అన్నం తగ్గించాను. కొర్రలు, పప్పు, ఆకుకూరలు పెంచాను. రసాలు, కూల్‌డ్రింకులు పూర్తిగా మానేశాను. ఎండ ఎక్కకముందే చేల గట్ల వెంట నడిచేదాన్ని. మొదట్లో మోకాళ్లు ఏడిపించాయి. పెళ్లిళ్ల కాలంలో అంగడిలో పని ఎక్కువై నడక మానేస్తే తగ్గిన బరువు కొంత తిరిగి వచ్చింది. డాక్టరమ్మకు చెప్పడానికి భయపడ్డాను. "పడితే లేచి నడువు, అంతే," అంది. మళ్లీ మొదలుపెట్టాను. ముందు మా ఆయన నడిచేవాడు, వెనక నేను. తర్వాత నేను ముందు, ఆయన వెనక.

ఏడాది తిరిగేసరికి ఎస్‌జీపీటీ మామూలుకు వచ్చింది. స్కాన్‌లో గ్రేడ్ వన్ అన్నారు. బీపీ మాత్ర సగం చేశారు. మిషన్‌లో రోజూ ఎంతసేపు వాడానో తెలిపే చిప్పు ఉంటుంది. అది చూసి, పగలు కునుకు వస్తుందా అని రకరకాలుగా అడిగి, డాక్టరమ్మ నవ్వింది. "పోయి పెనం పెట్టుకో. మిషన్ మాత్రం మానొద్దు. బరువు తగ్గింది కదా అని నీ అంతట నువ్వు తీసేయొద్దు."

ఆ మర్నాడు సుజాత పీట ఖాళీ చేసి ఇచ్చింది. మా ఆయన గల్లా వదిలి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఓళిగ వేసే ప్రతిసారీ నా కళ్లల్లోకి చూస్తున్నాడు.

"ఏమప్పా, అట్ల చూస్తే నాకు చెయ్యి ఆడదు. పో," అన్నాను.

పోయాడు గానీ గల్లా దగ్గరి నుంచి కూడా మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. నేను చేసిన ఓళిగలన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. సాయంత్రందాకా నాకు ఒక్క ఆవులింత కూడా రాలేదు.

ఇప్పుడు పొద్దుటిపూట పెనం నాది, సాయంత్రం సుజాతది. ఆర్డర్లు నేనే రాసుకుంటాను. కరెంటు పోతే మిషన్ ఆగకుండా చిన్న ఇన్వర్టరు పెట్టించుకున్నాం. మా ఆయన మిద్దె మీదికి పోవడం మానేశాడు.

ఈ మధ్య పెద్ద వదిన మా ఇంటికి వచ్చింది. అన్నం తిని చాప మీద ఒరిగింది. నేను పక్కన కూర్చొని బేడలు ఏరుకుంటున్నాను. ఆమె గురక మొదలైంది, పెరిగింది, టక్కున ఆగింది. నా చేతులు కూడా ఆగిపోయాయి. ఎగశ్వాసతో మళ్లీ మొదలయ్యేదాకా నేను కూడా ఊపిరి తీసుకోలేదు. సుజాతను అడిగి ఫోను తెచ్చి రికార్డు చేశాను. లేచాక వినిపించాను.

"ఎవరు మే అది? సచ్చేటట్లుండాదే!" అంది వదిన.

"నువ్వే వదినా."

మళ్లీ పెట్టమంది. రెండోసారి పూర్తిగా విని, "ఆ డాక్టరమ్మ నన్ను ఇంగా తిడతాదేమో," అంది. "తిట్టనీలే, నేను కూడా వస్తా," అన్నాను. సోమవారం ఇద్దరం కలిసి పోతున్నాం.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో గురక పెట్టేవాళ్లుంటే, వాళ్లను అవతలి గదికి పంపి తలుపు వేసుకోకండి. ఒక్క రాత్రి పక్కన కూర్చొని వినండి. గురక ఆగి ఆగి ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుంటే ఫోన్లో పట్టి డాక్టరుకు వినిపించండి. ఊపిరి ఆగిన సంగతి నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. వినాల్సింది పక్కనున్నవాళ్లే.